లైటు వెలిగింది, గంట మోగలేదు

2023 ఎండాకాలం. పెళ్లిళ్లు జోరు మీదున్నాయి. పాత బస్తీలో పురానాపూల్ దగ్గరి ఒక సందులో రాజలింగం సేటు గారిది పెళ్లి సామాన్ల హోల్‌సేల్ దుకాణం. బాసింగాలు, ఎండు కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, కంకణాలు, పెళ్లికూతురి గంపలో పెట్టే సామాను అన్నీ అక్కడ దొరుకుతాయి. కింద దుకాణం, మధ్య అంతస్తులో ప్యాకింగు, పైన ఇల్లు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ ఇంటి మెట్లు ఎక్కడానికి కూడా సామాన్ల మూటలను పక్కకు జరుపుకోవాలి.

నేను జహనుమాలో ఉంటాను. ఇళ్లకు, దుకాణాలకు వైఫై పెట్టడం, కెమెరాలు బిగించడం నా వృత్తి. వైర్లు లాగే పని అనుకుంటారు జనం. పాత బస్తీలో అది సగం గోడలతో పోట్లాట. డంగుసున్నం గోడలు, మేకు కొడితే మేకే వంగుతుంది. అలాంటి గోడల వెనక పడుకున్న మనిషికి సిగ్నల్ చేర్చడం ఒక పని, ఆ మనిషి పిలుపు బయటికి తేవడం ఇంకో పని. రెండోది ఎంత పెద్దదో నాకు ఈ ఇంట్లోనే తెలిసింది.

రాజలింగం సేటును నేను అంతకుముందు నుంచే ఎరుగుదును. మొదటిసారి కెమెరా పెట్టడానికి వెళ్లినప్పుడు ఆయన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. గద్దె అంటే గల్లా పెట్టె ముందు పరిచిన తెల్లటి పరుపు. నిచ్చెన వేయబోతుంటే అరచేయి కిందికి తిప్పి, గాలిలో మెల్లగా రెండుసార్లు అదిమాడు. కూర్చో అని. బోణీ కాలేదట. బోణీ కాకముందు దుకాణంలో ఎవరూ లేవకూడదు, కొనడానికి వచ్చిన గిరాకీ ముందుండగా గద్దె అసలే వదలకూడదు. అది ఆయన పెట్టిన శాసనం. కొడుకులు, గుమాస్తాలు, హమాలీలు అందరూ ఆ అరచేతికి కట్టుబడి బతికారు. ఆయన భార్య బతికున్న రోజుల్లో పైనుంచి పిలిస్తే కూడా వెళ్లేవాడు కాదట. చేతిలో ఉన్న కట్ట కట్టి, గిరాకీని పంపించి, అప్పుడు లేచేవాడు. ఆ రోజు నేను కూడా కూర్చున్నాను. లోపల తిట్టుకున్నాను, అది వేరే సంగతి.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎడమ చేయి మాత్రం ఆడేది. పెద్ద కొడుకు శ్రీనివాస్ నన్ను పిలిచి, "యాదన్నా, బాపు పిలిస్తే మాకు కింద వినపడాలె. గట్లాంటిది ఏదన్న ఉన్నదా?" అని అడిగాడు. మంచం అంచుకు ఒక వైఫై బటన్ అంటించాను. కింద గద్దె పక్కన స్మార్ట్ ప్లగ్ పెట్టి, దానికి పాత బడిగంట లాంటి కరెంటు గంట తగిలించాను. స్మార్ట్ ప్లగ్ అంటే వైఫై మాట విని కరెంటు ఇచ్చే ప్లగ్గు. పైన బటన్ నొక్కితే కింద గంట మోగుతుంది. దాని మోత ఎంత మొరటుదంటే గిరాకీలు ఉలిక్కిపడేవాళ్లు. నొక్కినప్పుడు బటన్ మీద చిన్న లైటు వెలుగుతుంది. శ్రీనివాస్ తండ్రి చెవి దగ్గర వంగి, "లైటు వెలిగిందంటే మాకు వినపడ్డట్టే బాపూ. ఫికర్ జెయ్యకు" అని చెప్పాడు. అప్పట్లో ఆ మాట నిజమే. గంట మోగితే చాలు, ఎవరో ఒకరు పరుగెత్తేవారు. నీళ్లకో, బెడ్‌పాన్‌కో, పక్క తిప్పడానికో.

మళ్లీ శ్రీనివాస్ ఫోన్ చేసింది ఆ 2023 ఎండాకాలంలోనే. నెట్ కంపెనీవాళ్లు కొత్త డ్యూయల్ బ్యాండ్ రూటర్ పెట్టి పోయారట. తమ్ముడు మహేష్ ఫోన్లో లైవ్ పెట్టి సామాను అమ్ముతున్నాడు, దానికి స్పీడు కావాలి.

"నెట్ అయితే మస్తు వస్తుంది యాదన్నా. గోదాం కెమెరా, పూజ రూం బల్బులు మాత్రం వస్తలేవు. ఎప్పటిసంది చెప్పాలనుకుంటున్న, సీజన్ల తీరలే."

"ఎవడు పెట్టిండో వానికి చెప్పరాదే?"

"చెప్పిన. గవి పాత సామాన్లు, పడేసి కొత్తయి కొనుమన్నడు."

నాకు ఒళ్లు మండింది. ఈ మాట రోజుకొకరి నోట వింటాను. నిజానికి ఆ పాత సామాన్లకు రోగం ఏమీ లేదు. డ్యూయల్ బ్యాండ్ రూటర్ అంటే ఒకే పెట్టెలోంచి రెండు దార్లు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్. నడక నిదానం, కానీ గోడలు దాటుతుంది. ఇంకోటి 5 గిగాహెర్ట్జ్. పరుగు ఎక్కువ, గోడ అడ్డమొస్తే చతికిలబడుతుంది. పాత బల్బులకు, ప్లగ్గులకు, బటన్లకు మొదటి దారి ఒక్కటే తెలుసు. కొత్త రూటర్లు రెండు దార్లకూ ఒకే పేరు పెడతాయి, పైన కొత్త రకం సెక్యూరిటీ తాళం వేస్తాయి. ఫోన్లు కొత్తవి కాబట్టి ఇట్టే ఎక్కుతాయి. పాత వస్తువులు ఆ తాళం తీయలేవు. పైగా కంపెనీ కుర్రవాడు వైఫై పేరు కూడా మార్చి పోయాడు. పాత పేరు నేను పెట్టిందే, రాజలింగం అని. ఇంట్లో పాత సామానంతా ఇంకా ఆ పేరే వెతుక్కుంటోంది.

నేను వెళ్లేసరికి దుకాణం కిక్కిరిసి ఉంది. శ్రీనివాస్ గద్దె మీద ఉన్నాడు, లేవలేదు. తండ్రి లాగే అరచేయి కిందికి అదిమి కూర్చోమన్నాడు. నేను నవ్వాను. గోదాం కెమెరా చూసుకుని మధ్య అంతస్తుకు ఎక్కాను. శ్రీనివాస్ భార్య పద్మక్క ప్యాకింగు దగ్గర ఉంది. కంకణాలు కట్టలు కడుతూనే చాయ్ తెప్పించింది.

"సేటు ఎట్లున్నడు వదినా?"

"ఉన్నడు. ఈ నడుమ సతాయిస్తలేడు. గంట గిట్ల కొడుతలేడు, మంచిగ పండుకుంటుండు. సీజన్ల దేవుడు గదొక్క మేలు చేసిండు." కాస్త ఆగి మళ్లీ చెప్పింది. "గని నీళ్లు తాగుతలేడు యాదన్నా. గిలాస నోటికాడ పెడితే మూతి బిగబడుతడు. గీ ఎండలకు దూప కాదా మనిషికి?"

"డాక్టర్‌కు చూపెట్టిన్రా?"

"ఫోన్ల అడిగినం. ముసలితనం, దూప తెల్వదు, జబర్దస్తీ తాపుమన్నడు. తాపితే ఉమ్మేస్తడు. ఆయనది అంతా మొండితనమే, నీకు తెల్వనిదా?"

తెలుసు కాబట్టి నేనూ తల ఊపాను. చాయ్ తాగి పైకి వెళ్లాను. పూజ గది బల్బులు చూడాలి, దాని పక్కదే సేటు గది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మూత్రం వాసన కొట్టింది. సేటు గోడ వైపు తిరిగి ఉన్నాడు. పెదవులు పగిలి తెల్లటి పొరలు లేచాయి. చెంపలు లోపలికి పోయాయి. మనిషి సగమయ్యాడు. "సేటూ, నేను యాదగిరిని" అంటే మెల్లగా కళ్లు తిప్పి చూశాడు. గుర్తుపట్టాడు.

ఏ ఇంటికి వెళ్లినా నేను పెట్టిన వస్తువును ఒకసారి ముట్టి చూడటం నా అలవాటు. మంచం అంచున బటన్ నొక్కాను. లైటు వెలిగింది. చెవి కింది వైపు పెట్టాను. గిరాకీల లొల్లి వినపడుతోంది, హమాలీ ఎవరినో పిలుస్తున్నాడు. గంట లేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ లైటు వెలిగింది. ఆ లైటు బటన్ లోపలి బ్యాటరీది. నొక్కారని చెబుతుంది, అంతే. ఆ కబురు ఎక్కడికైనా చేరిందో లేదో దానికి తెలియదు.

నాకు అప్పుడు తట్టింది. గోదాం కెమెరా పోయింది, పూజ గది బల్బులు పోయాయి. వాటిని మరిచిపోలేదు, వాటి కోసం ఫోన్ చేశారు. ఈ బటన్ కూడా ఆ రోజే పోయి ఉంటుంది. దీని కోసం ఫోన్ చేసేవాళ్లెవరు?

మూడోసారి నొక్కబోతుంటే సేటు ఎడమ చేయి కదిలింది. నా చేతిని బటన్ మీద నుంచి తోసేశాడు. తర్వాత వేలితో కిందికి, దుకాణం వైపు చూపించాడు. అరచేయి కిందికి తిప్పి గాలిలో రెండుసార్లు అదిమాడు. కూర్చోనీ.

అప్పుడు మొత్తం అర్థమైంది. ఆయన నొక్కాడు. లైటు వెలిగింది. లైటు వెలిగితే వినపడ్డట్టేనని కొడుకే చెప్పాడు. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకు వేరెవరూ చెప్పక్కర్లేదు. గిరాకీ ఉంది. గద్దె వదలొద్దు. ఆ శాసనం పెట్టింది తానే.

నేను మెట్ల దగ్గరికి వెళ్లి పద్మక్కను పిలిచాను. ఆమె దారం చేతిలో పట్టుకునే వచ్చింది.

"వదినా, గంట ఎప్పటిసంది మోగుతలేదు?"

"చెప్పిన గద. మామ కొడుతలేడు."

"కొట్టిండు. కొట్టి కొట్టి బంద్ జేసిండు. కొత్త రూటర్ పెట్టినకాడికెల్లి గంటకు లైన్ పోయింది. ఈడ లైటు వెలుగుతది, ఆడ మోగదు."

ఆమె నన్ను చూసింది, మామను చూసింది. దారం ఉండ జారి మంచం కిందికి దొర్లింది. తర్వాత చాలా చిన్న గొంతుతో అంది.

"గందుకేనా నీళ్లు తాగుతలేడు?"

ఆమెకు జవాబు అక్కర్లేదు. నీళ్లు తాగితే బెడ్‌పాన్ కావాలి. బెడ్‌పాన్ కావాలంటే పిలవాలి. పిలిస్తే ఎవరూ రారు. అట్లాంటప్పుడు మానం ఉన్న మనిషి నీళ్లు మానేస్తాడు.

"నేను తిట్టిన యాదన్నా" అంది పద్మక్క. "పక్క తడిసి ఉంటుండె. ఒకనాడు పనిల పడి సోయి లేక తిట్టిన. గంట ఉన్నది గద మామా, కొట్టరాదా, చెయ్యి పనిజేస్తది గద అన్న. గప్పుడు నన్నే సూసిండు. ఆ తెల్లారికెల్లే గిలాస ముట్టలే."

ఆయన ఏం చెప్పగలడు. కొట్టాను, మీరు రాలేదు అని చెప్పడానికి నోరు లేదు. ఉన్నా చెప్పేవాడు కాదేమో. రాలేదంటే అది తన దుకాణం సక్రమంగా నడుస్తోందనే లెక్క ఆయనకు.

నేను కిందికి వెళ్లి రూటర్ ముందు కూర్చున్నాను. ఇంత ఘోరానికి కారణమైన పని సరిచేయడం ఎంత సులువో చెప్పడానికి కూడా నాకు సిగ్గుగా ఉంటుంది. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండు దార్లనూ విడదీశాను. వేగమైన దారికి కంపెనీ కుర్రవాడు పెట్టిన పేరు ఉంచేశాను, ఫోన్లు దాని మీదే నడుస్తాయి. 2.4 దారికి మా పాత పేరు రాజలింగం పెట్టాను. పాత పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా ఇచ్చాను, తాళం కూడా పాత రకానికి మార్చాను. ఇలా చేస్తే పాత వస్తువులను ఒక్కొక్కటి విప్పి మళ్లీ కలపక్కర్లేదు. వాటి దృష్టిలో ఇల్లు మారనే లేదు. నేను చూస్తుండగానే గోదాం కెమెరా వచ్చింది. పైన పూజ గదిలో బల్బులు వెలిగాయని ఎవరో కేకేశారు. గద్దె పక్కన ప్లగ్గు మీది లైటు మినుకు మినుకుమనడం ఆపి నిలకడగా వెలిగింది. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని.

పైకి వెళ్లి, "సేటూ, ఒక్కపారి నొక్కు" అన్నాను. ఆయన చేయి కదల్లేదు. బతిమాలాను, కదల్లేదు. నేనే నొక్కాను. కింద గంట మొరటుగా మోగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. శ్రీనివాస్ ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైంది బాపూ? మస్తు రోజులకు కొట్టినవ్?"

సేటు కొడుకును చూశాడు. ముఖం చిట్లించి, అరచేయి కిందికి అదిమాడు. పో, కూర్చో.

పద్మక్క భర్తకు విషయం చెప్పింది. చెబుతుండగానే శ్రీనివాస్ మంచం పక్కన నేల మీద కూలబడి తండ్రి కాలు పట్టుకున్నాడు.

"బాపూ, గంట మోగలే. ఒట్టు. మాకు వినరాలే. వైఫై మారింది, లైన్ పోయింది బాపూ. విని రాకుంటే ఉంటమా?"

సేటు కళ్లు మూసుకున్నాడు. నమ్మాడో లేదో ఎవరికి తెలుసు. ఆయన జీవితమంతా గద్దె మీద కూర్చుని సాకులు విన్న మనిషి. లారీ రాలేదు, వాన పడింది, కబురు అందలేదు. వైఫై మారింది అన్నది కూడా అట్లాగే వినపడి ఉంటుంది. ఆయన కాలంలో పిలుపు అంటే గొంతు. దాని మధ్యలో ఒక పెట్టె ఉంటుందని, ఆ పెట్టె పేరు మారిస్తే కొడుకు చెవి పోతుందని ఆయనకు ఎలా నచ్చచెప్పడం? వైర్లు తెలిసిన నాకే ఆ మాట పెద్ద అబద్ధంలా వినిపించింది.

నేను వచ్చేశాను. చాలా రోజులు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. కంపెనీ కుర్రవాడి మీద పెట్టుకుందామంటే, పై గదిలో ఒక మనిషి ఉన్నాడని వాడికి ఎవరూ చెప్పలేదు. ఫోన్లలో నెట్ వచ్చిందా, వచ్చింది, సంతకం పెట్టండి అన్నాడు. పెట్టారు. ఇంటివాళ్ల మీద పెట్టుకుందామా? గంట మోగకపోవడం వాళ్లకు వినపడలేదా అంటే వినపడింది. అది వాళ్లకు హాయిగా వినపడింది. సీజన్ రోజుల్లో అలసిపోయిన మనుషులకు నిశ్శబ్దం వస్తే ఎందుకొచ్చిందని ఎవరు అడుగుతారు. నా ఇంట్లోనైనా నేను అడిగేవాడిని కాదేమో.

ఆ సీజన్ దాటకముందే సేటు పోయాడన్న కబురు వచ్చింది. పరామర్శకు వెళ్లాను. దుకాణం మూసి ఉంది. శ్రీనివాస్ గద్దె మీద కాకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"దవఖానకు తీస్కపోయేవరకే కిడ్నీలు చెడినయన్నరు. నీళ్లు లేక, మూత్రం ఆపుకొని. ఇన్ఫెక్షన్ రక్తంల కలిసిందట."

నేను ఆయన భుజం మీద చేయి వేశాను.

"నువ్వు బాగు చేసి పోయినంక బాపు ఒక్కసారే గంట కొట్టిండు యాదన్నా. పొద్దుగాల, ఇంకా బోణీ గాలే. వరంగల్ దిక్కు గిరాకీ, ముంగట నిలబడి సంచిల చెయ్యి పెట్టి పైసలు తీస్తుండు. గంట మోగింది. నేను లేచిన. మహేష్ లేచిండు. పద్మ, మరదలు, ప్యాకింగోళ్లు, హమాలీ కూడా ఉరికిండు. గద్దె ఖాళీ. గా గిరాకీ ఒక్కడే కింద నిలబడ్డడు."

"ఏం గావాలన్నడు?"

"ఏమొద్దు." శ్రీనివాస్ తల ఎత్తి పై గది వైపు చూశాడు. "అందర్నీ ఒక్కొక్కల్ని చూసిండు. గంతే. ఈసారి చెయ్యితోని కూసోమనలే. పద్మ గిలాస పెడితే మొత్తం తాగిండు. ఇంకో గిలాస కూడా తాగిండు. మేమందరం ఏడ్చినం. ఆ రాత్రికే జ్వరం వచ్చింది."

గద్దె పక్కన ప్లగ్గు ఇంకా పచ్చగా వెలుగుతోంది. తీసేయమంటావా అని అడిగితే, ఉండనీ అన్నాడు.

ఈ పనిలో చేరే కొత్తవాళ్లు నన్ను కిటుకులు అడుగుతుంటారు. చెబుతాను. పాత సామానున్న ఇంట్లో రెండు దార్లకూ ఒకే పేరు పెట్టకండి. 2.4 దారికి పాత పేరు, పాత పాస్‌వర్డు అలాగే ఉంచండి, తాళం పాతది ఉంచండి. ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. ఫోన్ పనిచేయకపోతే ఫోన్ ఉన్నవాడు లొల్లి పెడతాడు. కెమెరా పోతే షావుకారు లొల్లి పెడతాడు. లొల్లి పెట్టలేని మనిషి వస్తువు పోతే ఇల్లంతా ప్రశాంతంగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు ఎవరింట్లో రూటర్ మార్చినా, సామాను సంచిలోంచి తీయకముందే ఒక మాట అడుగుతాను. "ఈ ఇంట్ల నాకు ఫోన్ చేసి తిట్టలేనోళ్లు ఎవరున్నరు?" కొందరు నవ్వుతారు. కొందరు ఆలోచించి ఒక గది చూపిస్తారు. నా పని ఆ గదిలో మొదలవుతుంది, ఆ గదిలోనే ముగుస్తుంది. బటన్ నేను నొక్కను, వాళ్లతోనే నొక్కిస్తాను. లైటు వెలిగితే లేవను, కింద గంట మోగినా లేవను. గుమ్మంలోకి మనిషి వచ్చి నిలబడేదాకా ఆ మంచం పక్కనే కూర్చుంటాను.